ఎల్లిరా అన్న పాపానికి

గవరయ్యని ఉండేవోడంట. ఆయనింటి ముందు మురుక్కాలవ, దాటడానికి దానిమీద ఓ పుచ్చుచెక్క. ఇంట్లోవోళ్లకి సంగతి తెలుసు కాబట్టి అంచుమీద అడుగేసి దాటేసేవోళ్లు. వచ్చేవోళ్లకేం తెలుస్తది చెప్పు? మార్పించవయ్యా అని పెళ్లాం పోరుతుంటే, ఎవరన్నా పడినప్పుడు చూద్దాంలేవే అనేవోడంట. పడేది తను కాదుగా!

ఏమైందంటే, కల్లుగీసే సూరన్న పొద్దున్నే కత్తి నూరుకుందామని గవరయ్య ఇంటి సానరాయి కోసం వచ్చాడు. చెక్కమీద కాలేశాడో లేదో, ఫెళ్లుమంది. చూడండి మరి, తాడిచెట్టు చివరికంటా ఎక్కి దిగేవోడు, కాలవలో పడి కాలిరగ్గొట్టుకున్నాడు! అసలే కల్లు దిగే రోజులు. చెట్టెక్కేదెవరు, ఇంట్లో పొయ్యి రాజేదెట్టా? ఆయన పెళ్లాం పైడమ్మ ఏడుస్తా కూర్చోలేదనుకో, పెద్దమనుషుల్ని లాక్కొచ్చేసింది. గవరయ్య తొణకలేదంట. నేనేమన్నా పిలిచానా, పిలవని పేరంటానికొచ్చి పడితే నాదా తప్పు, అన్నాడు. నిజమేగా అని పెద్దమనుషులు గెడ్డాలు గోక్కుంటున్నారంట. అప్పుడు పైడమ్మ, "మావయ్యా, నిన్న నీతో కబుర్లాడి లేచేటప్పుడు మాయన ఎల్లొస్తానన్నాడా?" అంది. అన్నాడనే చెప్పాడు గవరయ్య. "మరి నువ్వేమన్నావు?" "ఎల్లిరారా అన్నాను. ఇంటికొచ్చినోణ్ని పొమ్మంటానేంటే!" అనేశాక నాలిక్కరుచుకున్నాడు. "రా అన్నావు, వచ్చాడు!" అందంట. ఒకటే నవ్వులు. గవరయ్య పెళ్లామే అందరికంటే గట్టిగా నవ్విందంట.

ఇంకేముంది, పిలిచినోడే చూసుకోవాలన్నారు. కాలు అతుక్కునేదాకా సూరన్న గవరయ్య అరుగుమీదే, వాళ్లింటిల్లిపాదికీ కూడు గవరయ్యదే. మొదట్లో మొహం గంటు పెట్టుకున్నాడు గానీ, చెట్టుమీంచి ఎవరి పెరట్లో ఏం కనబడిందో సూరన్న చెప్తుంటే వింటా వింటా భలే కలిసిపోయాడనుకో. చెక్కని మాత్రం తాడేసి కట్టి అట్టాగే ఉంచాడంట, మొండోడు! ఆఖరికి కాలు నయమైంది. "ఎల్లొస్తా బాబాయ్" అని సూరన్న లేచాడా, గవరయ్య కళ్లు ఆ చెక్కమీదకి పోయాయంట. రా అంటే భయం, పో అంటే పాపం. ఆగరా అని, పెరట్లో బట్టలుతికే బండ దొర్లించుకొచ్చి కాలవమీదేసి, తనే చిన్నపిల్లోడల్లే దానిమీద ఎగిరెగిరి చూసి, అప్పుడు వీధంతా వినబడేలా "ఎల్లిరారా సూరన్నా!" అన్నాడంట. పైడమ్మ పకపకా నవ్వింది.

అదీ సంగతి. పొద్దు వాలింది, మీరూ ఎల్లిరండి మరి... ఆగండాగండి! కింద మెట్టు కదులుతోంది, కాస్త పక్కగా దిగండి. రేపు బాగుచేయిస్తాలే.