నోరెత్తనివ్వకుండా కొన్న బోర్డు

దగ్గరికి రండర్రా, ఆ కుర్చీలు పక్కకి జరిపి కింద కూర్చోండి. ట్యాంకు నిండగానే మోగే గంటని రేపు పొద్దున్న హెడ్మాస్టారికి చూపించకపోతే మీ ఎలక్ట్రానిక్స్ గదిని స్టోరు రూము చేసేస్తారని ఏడుస్తున్నారుగా? ఇక ఏడవక్కర్లేదు. ఆ గంటని మోగించే బోర్డు తెచ్చేశాను, అదిగో, నా మేనకోడలి చేతిలో ఉంది. ఎలా తెచ్చానో వింటే మీకూ ఒళ్ళు మండుతుంది.

కొట్టువాడు ముందు ఓ చిప్పు చూపించాడు. దానికి యూఎస్‌బీయే లేదు, ప్రోగ్రాం ఎక్కించడానికి కంప్యూటరుకి తగిలించాలంటే వేరే ముక్క కొనుక్కోవాలిట. చిర్రెత్తుకొచ్చింది నాకు. ముప్పై ఏళ్ళుగా రేడియోలు బాగుచేస్తున్నవాడికా ఇది అంటగడతావు అని ఒక్క కేక వేశాను. కొట్టులో బల్బులన్నీ...

"పేలిపోయాయా?" అన్నాడు ముందు కూర్చున్న పొట్టివాడు.

పేలడానికి వాటికి ధైర్యమేదిరా, ఆరిపోయాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాడు వణుక్కుంటూ యూఎస్‌బీ ఉన్న బోర్డు తీసి ఏదో చెప్పబోయాడు. నోర్ముయ్యమన్నాను. మళ్ళీ చెప్పబోయాడు. బల్ల మీద ఒక్కటి చరిచాను. చిప్పులకి కాళ్ళుంటాయిగా, డబ్బాల్లోంచి దూకి వీధిన పడి పరుగే పరుగు. నా కోపం కరెంటు తీగల వెంట పాకి ఫ్యాక్టరీ దాకా పోయింది, అక్కడి మిషన్లు వెన్నలా కరిగాయి. యజమాని హెలికాప్టర్లో దిగి, అయ్యా, శాంతించండి, ఇకమీద ఏ బోర్డు చెయ్యాలో మీరే సెలవివ్వండి అని కాళ్ళ మీద పడ్డాడు. ముందు నీ చిప్పుల్ని వెనక్కి పిలుచుకోరా అన్నాను.

"మావయ్యా," అంది మేనకోడలు. ఆయన చెబుతున్నంతసేపూ ఆ పిల్ల బోర్డుని కంప్యూటరుకి తగిలించి, కేబులు మార్చి మార్చి చూస్తోంది. "ఇది కంప్యూటరుకి కనబడట్లేదు."

"లైటు వెలిగిందిగా?"

"వెలిగింది. కానీ ఈ యూఎస్‌బీ కరెంటుకి మాత్రమే, ప్రోగ్రాం ఎక్కదు. పెట్టెలో కాగితం మీద మొదటి లైన్లోనే రాశారు. కొట్టాయన చెప్పబోయింది ఇదే అయ్యుంటుంది."

ఎవరూ నవ్వలేదు. మరి మన గదో అని పొట్టివాడు గొణిగాడు.

మావయ్య ముఖం కందగడ్డయింది. విరుచుకుపడడానికి ఎవరైనా దొరుకుతారేమోనని చుట్టూ చూశాడు. పిల్లలు తప్ప ఎవరూ లేరు.

"లేవండర్రా, ఇళ్ళకెళ్ళి భోంచెయ్యండి," అన్నాడు చివరికి. "కొట్టు మూయడానికింకా గంట టైముంది. చెప్పులేసుకోవే అమ్మాయ్. ఈసారి నువ్వు అడుగు, ఆయన చెప్పేది విను. నేను గుమ్మం బయటే నిలబడతాను."