పది లెక్కపెట్టండి

పాతకాలపు కారు షెడ్డు గుమ్మంలో ఉంది. దాని ఓనరు మనవలను ఎక్కించుకుని కొండదారి పట్టడానికి పావుగంటలో వస్తాడు. మెకానిక్ బావ దగ్గర పని నేర్చుకోవడానికి చేరి మూడు నెలలైన మరదలికి ఒకచోట కాలు నిలవడం లేదు. కారు తాళంచెవి ఆమె గుప్పిట్లోనే ఉంది.

"బ్రేకులో గాలి చేరింది, తీసేసి ఇచ్చెయ్ అన్నానుగా."

"మూడుసార్లు తీశాను బావగారూ. అయినా పెడల్ జారిపోతోంది."

"అయితే ఆయిల్ ఎక్కడో కారుతోంది."

"నాలుగు చక్రాలూ తడిమాను. ఎక్కడా తడి లేదు."

"మూడు నెలలకే నాకు పాఠాలా? తాళం ఇలా తే."

"ముందు మీరెక్కి బ్రేకు తొక్కిపట్టండి. పది లెక్కపెట్టండి."

గొణుక్కుంటూనే ఎక్కాడు. ఏడు దగ్గర లెక్క ఆగింది. పెడల్ జారిపోయి అతని కాలు కారు అడుగుకు తగిలింది.

"బ్రేకు సిలిండర్ లోపల రబ్బర్లు పట్టడం లేదు. మొన్న కొత్తవే వేశాం. కొట్టువాడు చెత్త సరుకు అంటగట్టాడు."

నోరు మూసుకుంటే తప్పు కొట్టువాడి మీదికి పోతుంది. ఆమె కారు తలుపు దగ్గరికి వచ్చింది.

"బిగించేముందు వాటిని నేనే కడిగాను. పెట్రోలుతో. ఒకటి ఆ పెట్రోలు డబ్బాలోనే మిగిలిపోయింది. ఇందాక చూస్తే నానిన రొట్టెముక్కలా ఉబ్బింది."

"రబ్బర్లను పెట్రోలుతోనా?"

"సామాన్లన్నీ దాంతోనే కడగమన్నారు."

"ఇనుప సామాన్లు తల్లీ. గాలి అని నేనంటుంటే ఊరుకోలేకపోయావా?"

"వెనక సీట్లో కూర్చునేది పిల్లలు బావగారూ."

బయట ఓనరు గొంతు వినిపించింది. ఆమె అటు కదిలింది.

"నువ్వాగు," అంటూ బావ కారు దిగాడు. "రబ్బరు సంగతి నీకు చెప్పనిది నేను. ఆయనకు చెప్పేదీ నేనే. నువ్వు సిలిండర్ విప్పు."