అక్క దగ్గలేదు

మా బావ సంగతా? ఇప్పుడెందుకే అది... సరే, కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది, ఇటు జరుగు. మా అక్క మొగుడు, మొక్కలు పెంచి అమ్మేవాడు. నర్సరీ అంటారే, అదే. మంచివాడే గానీ నోటి దురుసు, ముక్కు మీద కోపం. అందరూ 'ముక్కు మేస్త్రి' అనేవాళ్లు. ఎందుకంటే, ఏ మొక్క తెచ్చినా ఆకు తుంచి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి ఇది ఫలానా అని చెప్పేసేవాడు. అలాంటివాడికి ఓసారి పెద్ద జ్వరమొచ్చి తగ్గింది. తగ్గాక చూసుకుంటే వాసన తెలియడం లేదు. ముక్కు మీద కోపం మిగిలింది గానీ ముక్కులో ఏమీ మిగల్లేదు. నవ్వుతావేం, ఆయనకది చావుతో సమానం. ఎవరికీ చెప్పలేదు. అక్క మాత్రం కనిపెట్టేసింది. పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడట. ఆవిడా పైకి అనలేదు. అప్పట్నుంచి కొనేవాళ్లు వచ్చినప్పుడల్లా వచ్చి పక్కన నిలబడేది. ఆయన ఆకు నలిపితే, ఘాటుంటే చిన్నగా దగ్గేది. వాసన లేకపోతే ఊరుకునేది. దాని గురించి మొగుడూ పెళ్లాలు ఒక్క మాట మాట్లాడుకున్నది లేదు. అదీ వాళ్ల కాపురం.

ఆ... ఏం చెప్తున్నాను? రంగుల చెట్టు. కొత్తగా ఆస్పత్రి కట్టిన డాక్టరమ్మ ఒకావిడ ఉండేది. ఎక్కడో ఓ చెట్టు చూసొచ్చిందట, బెరడు పొరలు పొరలుగా ఊడి లోపల పచ్చగా ఉంటుంది, ఆ పచ్చ పాతబడే కొద్దీ నీలం, ఊదా, నారింజ, ఇటుకరంగు, ఒకే మాను మీద అన్నీ చారలు చారలుగా. గేటు దగ్గర అదే కావాలంది. బావ విత్తనం తెప్పించాడు. దుమ్ములా ఉంటుంది, తుమ్మితే ఎగిరిపోతుంది. తడి ఇసుక మీద చల్లి, పైన మన్ను కప్పకుండా, కింద నుంచి తడి పీల్చుకునేలా పెట్టి పసిబిడ్డల్లా సాకాడు. పక్క తట్టలో మామూలు జామాయిలు నారు కూడా ఉంది. ఓ గాలివానకి తట్టలు బోర్లాపడి రెండూ కలిసిపోయాయి. లేత మొక్కలప్పుడు అవి అక్కచెల్లెళ్లలా ఉంటాయే. జామాయిలు ఆకు నలిపితే ఘాటు కొడుతుంది, ఆ రంగుల చెట్టు ఆకుకి వాసన దాదాపు ఉండదు. బావ చూపుతో ఆనవాలు పట్టి ఒక మొక్కని విడిగా పెట్టాడు గానీ, ఖాయం చేసుకోవాలంటే అక్క ఉండాలి.

సరిగ్గా అప్పుడే ఆయన నోరు జారాడు. చుట్టాలొచ్చారు. భోజనాల దగ్గర పదిమందిలో, 'మా ఆవిడకేం తెలుసు, పువ్వుకీ పేడకీ వాసన తేడా తెలీదు' అని నవ్వాడు. అక్కకి తల కొట్టేసినట్టయింది. ఎవరి ముక్కుతో పని గడుపుకుంటున్నాడో ఆ మనిషినే అనడం చూడు. తెల్లార్లూ ఏడ్చింది. పొద్దున్నే డాక్టరమ్మ కారు దిగింది. నేనక్కడే కుండీలు సర్దుతున్నాను. 'ఇదేనా? ఖాయమేనా?' అందావిడ. బావ ఆకు తుంచాడు, నలిపాడు, ముక్కు దగ్గర పెట్టాడు. అక్కకి ఏడ్చి ఏడ్చి ముక్కు దిబ్బడేసి ఉంది, పక్కన కిరసనాయిలు ఒలకబోసినా తెలియదు. దగ్గితే మంచి మొక్క పోతుందేమో, ఊరుకుంటే మాయదారి జామాయిలు వెళ్తుందేమో. నాకు తెలియడం లేదండీ అంటే ఆయన గుట్టు రట్టవుతుంది. పైగా కడుపులో మంట ఆరలేదు. పడనీ, తెలిసొస్తుంది అని కూడా ఒక క్షణం అనిపించిందట, తర్వాత తనే చెప్పింది నాతో. బావ ఆకు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఒక ఆకుని మనిషి ఎంతసేపు వాసన చూస్తాడు చెప్పు? అక్క దగ్గలేదు. 'ఇదేనమ్మా' అన్నాడు బావ. 'రంగు రాకపోతే ఈ మొక్కల పనే మానేస్తాను.'

ఇక అక్కకి కంటి మీద కునుకు లేదు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది, మింగేసేది. ఆస్పత్రి గేటు దగ్గర ఆ మొక్క మానైంది. ఏళ్లు గడిచాక బెరడు లేస్తోందని కబురొస్తే ముగ్గురం వెళ్లాం. పట్టీలా ఊడి వేలాడుతోంది. బావ లాగలేదు, లాగితే మాను గాయపడుతుంది. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గాలికి రాలింది. కింద బూడిద తెలుపు. పచ్చ మచ్చ కూడా లేదు, ఉత్త జామాయిలు. అక్క అక్కడే ఏడుస్తూ చెప్పేసింది, ఆ రోజు నాకు ముక్కు పనిచెయ్యలేదండీ, కావాలనే ఊరుకున్నాను కూడా, అని. బావ ఆవిడకేసి చూసి, 'ఇన్నేళ్లా' అన్నాడు. అంతే. ఈలోగా డాక్టరమ్మ బయటికొచ్చింది, వెనకాల నర్సులూ జనమూ. 'ఇదేమిటి మేస్త్రీ?' అంది. ఆయన నోరు నాకు తెలుసు కదా, అయిపోయింది అక్క పని అనుకున్నాను. బావ తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. 'నాకు వాసన తెలీదమ్మా, ఎప్పుడో పోయింది. ఇది కాదని మా ఆవిడ ఆ రోజే చెప్పింది. నేనే వినలేదు' అన్నాడు. అక్క పక్కనే ఉంది. నోరు తెరిచింది, మళ్లీ మూసేసుకుంది.

తర్వాతా? తర్వాతేముంది... అన్నమాట ప్రకారం మొక్కల పని మానేసి తోట ఎవరికో ఇచ్చేశాడు. అక్క మీద పడాల్సింది తన మీద ఎందుకేసుకున్నాడో నాకు అర్థం కాక... ఆ కిటికీ వెయ్యవే, దుమ్మంతా లోపలికొస్తోంది.