వద్దుగారు ‘సరే’ అన్న శుభవేళ

పందొమ్మిది వందల తొంభై ఐదవ సంవత్సరం జూన్ పన్నెండవ తేదీ ఉదయం, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో మా కార్యాలయంలో ప్రోగ్రామరుగా చేరిన ఒక యువకుడు, తనకు చూపిన కుర్చీని ఆపాదమస్తకం పరిశీలించి, “ఇది వద్దండీ, కాలు ఊగుతోంది” అన్నారు. ఆయనను ఎంపిక చేసిన మండలిలో సభ్యుడనైన నేను పక్కనే ఉన్నాను. మరునాడు అదే కుర్చీ ఆడిటరుగారి క్రింద కూలిపోవడంతో, మా ఎంపిక ఎంత సముచితమైనదో కార్యాలయానికంతటికీ విదితమైంది.

తొలి దశాబ్దంలో జీతాల లెక్కల ప్రోగ్రాములను నిర్దుష్టంగా నిర్వహించిన పిమ్మట, వెబ్‌సైట్లు నిర్మించుకోవడానికి ఉపకరించే ఒక ఓపెన్ సోర్స్ ఫ్రేమ్‌వర్క్ పరిరక్షణభారాన్ని కార్యాలయం ఆయన భుజస్కంధాలపై ఉంచింది. ఎవరైనా ఉచితంగా వాడుకోగల, ఎవరైనా మార్పు ప్రతిపాదించగల ఉమ్మడి సొత్తు అది. ఉమ్మడి సొత్తుకు తోరణాలు కట్టేవారు కొల్లలు, వాకిలి ఊడ్చేవారు ఒక్కరే. ప్రధాన పరిరక్షకులు ‘వద్దు’ అంటే ప్రతిపాదన ఆగిపోవాలని, వారంలోగా ఏమీ అనకపోతే అది ఆమోదం పొందినట్లేనని ఆయనే ఒక నియమం విధించారు. మౌనం అర్ధాంగీకారమని పెద్దలన్నారు. ఆయన దానిని పూర్ణాంగీకారం చేశారు.

తత్ఫలితంగా ఆయన మౌనంగా ఉండే హక్కును శాశ్వతంగా కోల్పోయారు. ‘వద్దుగారు’ అన్న బిరుదు ఖండాంతరాలలో వ్యాపించింది. ఆయన సంపాదకత్వంలో వెలువడిన మాసవార్తలలో ‘క్రొత్తగా వచ్చినవి’ అర పుట, ‘రానివ్వనివి’ నాలుగు పుటలు ఉండేవి. పాఠకులు చివరి నాలుగు పుటలే ముందు చదివేవారు. పర్యవసానంగా, గణితోపాధ్యాయిని అయిన వారి శ్రీమతిగారికి ఫోను లేని ప్రయాణమన్నది తీరని కోరికగా మిగిలిపోయింది.

ఒకసారి ఆమె పట్టుబట్టి, సిగ్నల్ అందని ఒక కొండపైనున్న అతిథిగృహానికి ఆయనను తీసుకువెళ్ళారు. సరిగ్గా ఆ వారంలోనే, ఫ్రేమ్‌వర్క్‌లోని పాత ఫారాల భాగం వికారంగా ఉన్నదని, దానిని సమూలంగా తొలగించాలని ఒక ప్రతిపాదన వచ్చింది. చిన్న ఆసుపత్రులు, గ్రంథాలయాలు, మంచినీటి ఫిర్యాదుల కార్యాలయాలు ఆ ఫారాలపైనే నడుస్తున్నాయని ఎరిగిన ఆయన, గడువు ముగియవచ్చిన నాటి మధ్యాహ్నం ఆ కబురు కొండ క్రింది నుంచి వచ్చిన కారు డ్రైవరు ద్వారా అందగానే, భోజనం మధ్యలో లేచి, ఫోనుతో నీళ్ళ ట్యాంకు ఎక్కారు. తదుపరి సంభాషణను శ్రీమతిగారు నాకు చెప్పిన విధంగానే ఉదహరిస్తున్నాను.

“అయ్యో, దిగండి సార్! ఏ కష్టమొచ్చినా మాట్లాడుకుందాం!” అని మేనేజరు క్రింద నుంచి కేకలు వేశాడు.

“కంగారు పడకండి. దూకడానికి కాదు, వద్దనడానికి ఎక్కారు” అన్నారు శ్రీమతిగారు.

“వద్దనడానికి ట్యాంకు ఎక్కాలా అమ్మా? మరి సరే అనాలంటే ఎంత ఎత్తెక్కుతారు?”

“ఆ మాట నేనూ వినలేదు బాబూ. పెళ్ళికి ఇష్టమేనా అని మా నాన్న అడిగితే నేల చూస్తూ కూర్చున్నారు. పాపం, మా నాన్నే సరే అనుకున్నారు. ఆ నియమాన్నే తీసుకెళ్ళి అక్కడ పెట్టారు.”

పైనుంచి వద్దుగారు, “ఏవయ్యా, మీ గదుల బుకింగు పేజీ కూడా పాత ఫారాల మీదే నడుస్తోంది. నా మాట అందకపోతే, క్రొత్త వెర్షన్ పెట్టుకున్న రోజున నీ హోటలుకి ఈగ కూడా రాదు!” అన్నారు.

మేనేజరు స్వరం తక్షణమే మారిపోయింది. “అయితే దిగుతారేంటి సార్? ఆ కుడి మూలకి వెళ్ళండి, సిగ్నల్ బాగా అందుతుంది! ఒరేయ్, సార్‌కి గొడుగు తీసుకెళ్ళండ్రా!”

‘వద్దు’ చేరింది, పాత ఫారాలు బ్రతికాయి. “ఇంకోసారి ట్యాంకు ఎక్కితే నిచ్చెన నేనే తీసేస్తాను” అని మాత్రం శ్రీమతిగారు ఆనాడే హెచ్చరించారు.

అటువంటి మహనీయులు ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనుండగా, పరిరక్షకత్వాన్ని మరొకరికి అప్పగించాలన్న ప్రతిపాదన గతవారం నియమానుసారం ఆయన ముందుకే వచ్చింది. వారసురాలు, ప్రతి ‘వద్దు’కూ కారణమడిగి ‘ఎందుకండీగారు’గా ప్రసిద్ధి పొందిన ఆయన సహోద్యోగిని. ఆయన ‘వద్దు’ అంటే త్రోసిపుచ్చగల శక్తి ఈ భూమండలంలో ఎవరికీ లేదు. ఆయన జవాబు వ్రాసే రోజున కార్యాలయపు గదిలో, శ్రీమతిగారు కొండ ప్రయాణపు టిక్కెట్లున్న సంచీని ఒడిలో పెట్టుకుని, గోడవారనున్న కుర్చీలో కూర్చున్నారు. ఎప్పుడో విరమణ చేసిన నేనూ ఆహ్వానంపై హాజరయ్యాను.

“దీనికీ వద్దంటారా సార్?” అన్నారు ఎందుకండీగారు.

“చదవనీయమ్మా” అని, కళ్ళజోడు రెండుమార్లు తుడుచుకుని, కుర్చీ కాళ్ళు కూడా ఒకసారి ఊపి చూసి, ఆయన ఇలా వ్రాశారు: “సరే. పాత ఫారాలు జాగ్రత్త.”

“జాగ్రత్త ఎందుకండీ?” అని ఆమె అడుగనే అడిగారు.

“ఇక నా తర్వాత బెంగ లేదు” అని వద్దుగారు నవ్వి, ఫోనును శ్రీమతిగారి చేతికిచ్చారు.

ఆమె దానిని సంచీలో వేసి జిప్పు లాగారు. “బాగానే ఉంది. ఊళ్ళోవాళ్ళకి సరే అన్నారు. మా నాన్న అడిగినదానికి జవాబు ఇంకా రాలేదు.”

“దాని గడువు ఎప్పుడో దాటిపోయింది కదా!”

“పొడిగించాను.”

ఆయన, అలవాటు చొప్పున, కొంతసేపు నేలవైపు చూశారు. ఈ పర్యాయం మాత్రం తల ఎత్తి, గదిలో అందరికీ వినబడేలా, “సరే” అన్నారు.

వైద్యులు ఏ మందు వ్రాయబోయినా ‘వద్దు’ అనగల ఆరోగ్యాన్ని, శ్రీమతిగారు ఏ ప్రయాణం తలపెట్టినా ‘సరే’ అనగల ఓపికను భగవంతుడు ఆయనకు శతవత్సరాలు ప్రసాదించుగాక. వారు వెళ్ళే కొండపై ఏ ట్యాంకుకూ నిచ్చెన లేకుండుగాక!