ఎగ్జిట్ దావత్

"గిదేంది అల్లుడా, సేమియాల కోడిగుడ్డు కోసి పెట్టిండ్రు?"

"సేమియా కాదు మామా, రామెన్. జపాన్ ఫుడ్. పుల్లలతోని తినాలె. ఇగో, ఇట్ల పట్టుకో. నీతోని కాకుంటే స్పూన్ తెప్పిస్త."

సౌదీలోని జుబైల్‌లో శుక్రవారం మధ్యాహ్నం. దేవన్న ఇక్కడ ముప్పై అయిదేళ్లుగా వెల్డరు. అతని మేనల్లుడు ప్రభాకర్ అదే కంపెనీ ఆఫీసులో మూడేళ్లుగా కుర్చీ మనిషి. మామను శాశ్వతంగా ఊరికి పంపించే ఫైనల్ ఎగ్జిట్ కాగితం అల్లుడి బ్యాగులో ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. ఆ మాట ఎత్తలేక నూడుల్స్ మీద ఉపన్యాసం ఎత్తుకున్నాడు.

"గొడ్డుది ఏమన్న ఏసిండ్రా ఇండ్ల?"

"లేదు మామా. చికెన్ సూప్ అని స్పెషల్‌గ చెప్పిన. నీ సంగతి నాకు తెల్వదా?"

"తెలుసు, మస్తు తెలుసు. ఓబులేసుకు యాడ తినవెట్టినవ్?"

"ఏ ఓబులేసు?"

"కడపాయన. ఫిట్టరు. రంజాన్‌కు ముందు పంపిస్తివి గదా."

"ఓ, ఆయనకా... మలబార్ హోటల్ల బిర్యానీ."

"జమాలుద్దీన్‌కు?"

"అరబ్బోళ్ల మండి అన్నం. అవన్ని ఎందుకిప్పుడు? చల్లారితే బాగుండదు, తిను."

"మన ఆఫీసోళ్లు ఎవలికన్న శుక్రారం తినవెడితె, ఐతారం నాటికి వాని మంచం ఖాళీ. క్యాంపుల అందరికెరుకే. నువ్వు పిలిచినవని నిన్న చెప్పంగనే ముగ్గురొచ్చి నా పరుపు అడిగిపోయిండ్రు."

"అట్ల కాదు మామా. నువ్వు సొంతోనివని నిన్ను స్పెషల్‌గ ఇక్కడికి..."

"ఔ. సొంతోన్నని బిర్యానీ గూడ పెట్టలే."

"మామా..."

"కాగితం తియ్యి."

"ఏ కాగితం?"

"మల్ల బ్యాగు కాళ్ల నడుమ పెట్టుకొని, కోడి పొదిగినట్టు కూసున్నవెందుకు?"

"ముందుగాల తిను. తిన్నంక మాట్లాడుదం."

"ఆగు, లాల్ అహ్మద్ వస్తుండు. ఈ హోటల్ల వంట మనిషి."

"సలాం దేవన్నా భాయ్. ఆజ్ యమదా సాబ్ నహీ ఆయే?"

"నహీ భాయ్. ఆజ్ యే మేరా అల్లుడు లాయా."

"స్పూన్ లావూఁ?"

"ఇస్కో దో. ముఝే నహీ చాహియే."

"మామా... నువ్వు ఇంతకుముందు వచ్చినవా ఇక్కడికి?"

"షట్‌డౌన్ రిపేరు పని అయినప్పుడల్ల యమదా సార్ తోలుకొస్తడు. మన కంపెనీకి పనులిచ్చే ప్లాంటుల పెద్ద ఇంజనీరు, జపానాయన. ఎక్స్‌రే తీస్తే నేను అతికిన పైపు జాయింట్ల ఒక్క మచ్చ రాదని ఆయనకు సంబరం. పుల్లలు పట్టుడు గూడ ఆయనే నేర్పిండు. నువ్వు పట్టిందే తప్పు."

"మల్ల చెప్తలేవేంది?"

"నువ్వు ఆపితె గదా."

"మామా, నా మీద కోపం పెట్టుకోకు. గవర్నమెంట్ రూల్. కంపెనీల సౌదీ దేశపోళ్లను పెంచాలె, లేకుంటె కొత్త వీసాలు బంద్. ఎవలనో ఒకలను తగ్గించాలె. సిస్టమ్‌ల ఏజ్ ప్రకారం..."

"సిస్టమంటె ఎవరు? మనూరోడేనా?"

"జోకులు కాదు మామా."

"లిస్టు రాసిందెవలు?"

"నేనే... టైప్ చేసిన."

"టైప్ చేసినవా, రాసినవా?"

"రాసిన. నిన్ను వదిలేస్తె సొంత మామను కాపాడుకున్నడంటరు. నా ప్రమోషన్ ఫైల్ మేనేజర్ టేబుల్ మీదున్నది."

"అట్ల చెప్పు. ఇంతసేపటికి ఒక్క నిజం వచ్చింది నీ నోట్లెకెల్లి."

"నువ్వన్న ఇంటికి పోయి సుఖంగ ఉండు. ఇంకెన్నేండ్లు పైపులల్ల దూరుతవ్?"

"కువైట్ లడాయప్పుడు సైరన్ మోగితె మొఖానికి గ్యాస్ మాస్క్ తొడుక్కొని గా పైపుల్లనే దూరిన. మిసైళ్లు గూడ నన్ను ఇంటికి పంపలేకపోయినయ్. మా అక్క కొడుకు పంపవట్టె."

"నాకు వీసా తెచ్చింది నువ్వే, నాకు యాదున్నది మామా."

"యాదుండి రాసినవ్ చూడు, గదే కడుపుల మండుతున్నది రా."

"నన్నేం చెయ్యమంటవ్? సైన్ ఒక్కటి పెట్టు. రేపు తొమ్మిదింటి లోపల పంపాలె."

"పెట్ట. నీ కాగితం పాతదైపోయింది. మొన్న మేనేజర్ నన్ను పిలిచిండు. దేవన్న లేకుంటె షట్‌డౌన్ పని మీకియ్య అని యమదా సార్ లొల్లి పెట్టిండట. లిస్టుల నా పేరు కొట్టేసిండ్రు."

"నిజంగనా? మంచిగైంది మామా. ఒట్టు, నాకు సంతోషమే. మరి మేనేజర్ నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్పే పని నాకు పెట్టిండు. నీ మనిషిని నువ్వే తోలుకొస్తివి, నువ్వే తినవెట్టి చెప్పు అన్నడు. నేను పిలుద్దామనుకునేలోపల నువ్వే పిలిస్తివి."

"ఏం చెప్పమన్నడు?"

"ఇగో, నా జేబుల గూడ ఒక కాగితమున్నది. నాకు ఇంగ్లీషు రాదాయె. పైన పేరు సదువు."

"ఇది గూడ ఫైనల్ ఎగ్జిట్ కాగితమే గదా మామా."

"సదువు బిడ్డా."

"మామా, ఇది నా పేరు."

"ఔ. నా జాగల ఇంకో వెల్డర్‌ను మస్తు వెతికిండ్రు, దొరకలే. నీ కుర్చీల కూసుండ సౌదీ పిలగాడు మాత్రం జల్దిన దొరికిండు."