మూడు షిఫ్టుల తీర్మానం

సభకు అధ్యక్షత వహిస్తున్న జగదీశ్వర్ సారుకు, వేదిక మీదున్న పెద్దలకు, ఈ రోజు ఎవరి కోసమైతే మనమంతా పనులు మానుకొని ఇక్కడ కూర్చున్నామో ఆ సువార్త టీచరమ్మగారికి, మా ఏడు లైన్ల కాలనీ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, మొదటి షిఫ్టు దిగి నేరుగా వచ్చి వెనక గోడ పక్కన నిలబడిన తమ్ముళ్లకు నా నమస్కారాలు. కూర్చోండి బాబూ, కుర్చీలకు మసి అంటుతుందని మొహమాటపడకండి. ఈ హాల్లో కుర్చీలు బొగ్గు మసి చూడనివేమీ కావు. (నవ్వులు)

నా పేరు తీతు. ముప్పై నాలుగేళ్లు బొగ్గు బాయిలో టింబర్ పని చేశాను. అంటే బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ఆ పనిలో మాటలతో అవసరం లేదు. కర్రతో పైకప్పును తట్టి చప్పుడు వినాలి, అంతే. నాకు ఆ పని నచ్చడానికి అదొక కారణం.

మొన్న జగదీశ్వర్ సారు మా ఇంటికి వచ్చి, "తీతన్నా, టీచరమ్మ వీడ్కోలు సభల నువ్వు గూడ మాట్లాడాలె" అన్నారు. నాకు మాటలు రావు సారూ అన్నాను. "గట్లంటె ఎట్ల? కాయితం మీద రాసుకొనిరా. నీ అక్షరాలు మంచిగుంటయి గద" అన్నారు. ఆయన నన్ను మెచ్చుకున్నారు. కానీ ఆ మాట నాకు ముల్లులాగా దిగింది. ఎందుకు దిగిందో చెప్పడానికే ఈ మైకు ముందుకు వచ్చాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

టీచరమ్మ పగలు పిల్లలకు పాఠాలు చెప్పిన సంగతి ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. నేను పెద్దవాళ్ల బడి సంగతి చెబుతాను. ఇరవై ఆరేళ్ల కింద, ఈ హాలు పక్కనున్న చిన్న గదిలో ఆమె ఆ బడి మొదలుపెట్టింది. దానికి ఒక వేళ అంటూ లేదు. మొదటి షిఫ్టు వాళ్లకు సాయంత్రం నాలుగున్నర, రెండో షిఫ్టు వాళ్లకు పొద్దున్నే ఆరున్నర, రాత్రి డ్యూటీ వాళ్లకు వాళ్లు నిద్ర లేచినప్పుడు. వారం వారం షిఫ్టు మారితే ఆమె వంట వేళ, ప్రార్థన వేళ కూడా మారేవి. డ్యూటీలు మావి, తిప్పలు ఆమెవి. ఆడవాళ్లయితే ఏ వేళకు వీలైతే ఆ వేళకు వచ్చేవాళ్లు.

నేను ఆ బడికి పోలేదు. మా ఊళ్లో ఐదో తరగతి దాకా చదివాను, నాకు చదువొచ్చు అనుకునేవాణ్ణి. పైగా నేను కాలనీ సంఘానికి రైటర్ని. తీర్మానాల పుస్తకం నా దగ్గరే ఉండేది. అప్పటి సంఘం అధ్యక్షుడు ఎల్లేశం బావ అదుగో, రెండో వరుసలో కూర్చున్నాడు. తల వంచుకోకు బావా, నీ గురించి మంచే చెబుతాను. (నవ్వులు)

మా సంఘం పని ఎట్లా సాగేదో కొత్తవాళ్లకు తెలియదు. మూడు షిఫ్టుల కాలనీలో అందరూ ఒకచోట కూర్చునే వేళ అంటూ దొరకదు. ఒకరు దిగుతుంటే ఒకరు ఎక్కుతుంటారు, ఒకరు నిద్రలో ఉంటారు. అందుకని మేము ఒక అలవాటు చేసుకున్నాం. నలుగురు పెద్దలు అనుకున్న మాటను నేను ముందే పుస్తకంలో రాసేవాణ్ణి. రాసి, ఇంటింటికీ తిరిగి, సంతకం వచ్చినవాళ్లతో సంతకం, రానివాళ్లతో వేలిముద్ర తీసుకునేవాణ్ణి. "ఏంది కాయితం?" అని ఎవరైనా అడిగితే "సంఘందే" అనేవాణ్ణి. అది చాలేది. మీటింగు జరిగినట్టే. ఎవరినీ మోసం చేయాలని కాదు, డ్యూటీకి ఆలస్యం కాకూడదని. ఆ పుస్తకంలో ఒక్క కొట్టివేత ఉండేది కాదు. చూసినవాళ్లంతా అచ్చు గుద్దినట్టుంది అనేవాళ్లు. నేను లోపల పొంగిపోయేవాణ్ణి.

పదమూడేళ్ల కింద సంగతి. బడిలో వాచకాలు అయిపోయాయి. టీచరమ్మ అందరితో, "రేపటి నుంచి మీ ఇంటికి వచ్చే కాయితాలు పట్టుకొని రండి, అవే చదువుదాం" అన్నది. ఒకరు దవాఖాన చిట్టీ తెచ్చారు, ఒకరు పెళ్లి పత్రిక తెచ్చారు. వెనక లైను కనకవ్వ మా ఇంటికి వచ్చింది. వెనక లైను అంటే క్వార్టర్ల వెనక, ఒర్రె అనే చిన్న వాగుకు ఇవతల గట్టున, కాంట్రాక్టు పని చేసుకునేవాళ్లు వేసుకున్న ముప్పై రెండు గుడిసెలు. కనకవ్వ అక్కడ తొమ్మిదో ఇంట్లో ఉండేది. అప్పటికి ఆమెకు యాభై ఐదేళ్లు.

"తీతన్నా, సంఘం బుక్కియ్యవా? దాంట్ల మా పేర్లున్నయట. సదువుకుంటం" అన్నది.

ఇచ్చాను. ఇవ్వడమే కాదు, నా దస్తూరీని మెచ్చుకుంటే విందామని ఆమె వెంటే పోయి బడిలో వెనక కూర్చున్నాను. ఈ వయసులో ఒప్పుకోవడానికి సిగ్గేమిటి.

కనకవ్వ పుస్తకంలో చివరి తీర్మానం ఉన్న పేజీ తెరిచింది. వేలు పెట్టి మొదలుపెట్టింది. అప్పట్లో ఆమె చదవడం మీలో కొత్తవాళ్లు వినలేదు. ఒక్కొక్క అక్షరాన్ని ముందు నోట్లో పెట్టుకొని చూసి, తర్వాత పక్కదానితో కలిపి, మాట అయిందా లేదా అని టీచరమ్మ ముఖం చూసి, అప్పుడు పైకి అనేది. తేదీ చదవడానికే చాలాసేపు పట్టింది. తర్వాత "వె... వెన... వెనక" అన్నది. "వెనక. లై... లైను" అన్నది. "అగో, మా లైను పేరు" అని నవ్వింది. పక్కవాళ్లూ నవ్వారు.

నాకు అప్పుడు గుర్తొచ్చింది, ఆ పేజీలో నేనేం రాశానో.

పండుగలకు టెంటు వేయడానికి, బండ్లు పెట్టుకోవడానికి జాగా లేదని ముందు లైన్ల పెద్దలు అనుకున్నారు. నేనూ ముందు లైను వాణ్ణే. వాళ్లు చెప్పారు, నేను రాశాను. "వెనక లైనులోని ముప్పై రెండు గుడిసెలను ఒర్రె అవతలికి తరలించుటకు సభ్యులందరు ఏకగ్రీవముగా అంగీకరించినారు." నాలుగు రోజుల్లో ఆ కాగితం నకలు కంపెనీ పైఆఫీసుకు పోవాలి.

ఆమె వేలు ఆ వాక్యం మీద నడుస్తోంది. నేను లేచి పుస్తకం తీసుకోవచ్చు. పొరపాటైంది అని చెప్పవచ్చు. ఏమీ చేయలేదు. బాయిలో కర్రతో తట్టినప్పుడు పైకప్పు డొల్లగా పలికితే అక్కడి నుంచి ఉరికివచ్చిన రోజులు నాకున్నాయి. ఆ గదిలో మాత్రం కదలలేకపోయాను. ఒక ముసలమ్మ అక్షరం వెంట అక్షరం పట్టుకొని నా మీదికి నడిచి వస్తోంది, ఆమెకు తెలియదు, నాకు తెలుసు. అంత మెల్లగా వచ్చేదాన్ని ఆపడం ఎవరి తరమూ కాదని అప్పుడు తెలిసింది.

మొత్తం చదివింది. "తరలించుడు అంటె ఏంది టీచరమ్మా?" అన్నది.

"ఇక్కడికెళ్లి తీసి ఇంకో దగ్గర పెట్టుడు."

"ఏకగ్రీవం?"

"అందరూ ఒప్పుకున్నరని."

కనకవ్వ పేజీ తిప్పింది. తన వేలిముద్ర వెతుక్కున్నది. దాని కింద నేనే ఆమె పేరు, ఇంటి నంబరు రాశాను. తన బొటనవేలు దాని పక్కన పెట్టి చూసుకున్నది. "ఇది నా ఏలే" అన్నది. "నా ఇల్లు తియ్యమని నేనే ఏలేసిన్నా?"

ఆమె నా వైపు తిరిగింది.

"తీతన్నా, ఇది రాసింది నువ్వేనా?"

నేనే అన్నాను.

"అక్షరాలు మస్తు సక్కగున్నయి" అన్నది.

(నీళ్ల గ్లాసు అందుకుంటూ)

క్షమించాలి. నీళ్లు తాగుతాను.

ఆమె వెక్కిరించలేదు. నిజంగానే అన్నది. చదవడం వచ్చినాక కాగితం మీద ఆమె చదివిన మొదటి చేతిరాత అది.

గదిలో ఒకామె, "సింపుదాం పేజీ, పీడ పోతది" అన్నది. టీచరమ్మ ఏమంటుందా అని అందరూ ఆమెనే చూశారు. టీచరమ్మ, "చదివింది మీరు. ఏం చెయ్యాల్నో చెప్పేది గూడ మీరే" అని ఊరుకున్నది. అప్పుడు కనకవ్వ, "సింపితె మనం సదివినట్టు ఎవలకు తెలుస్తది? ఉండనియ్యుండ్రి. మల్ల మీటింగు పెట్టాలె. ఈసారి మనుషులతోని పెట్టాలె" అన్నది.

ఎల్లేశం బావ దగ్గరికి పోయాం. ఆయన కస్సుమన్నాడు. "అన్ని షిఫ్టులోల్లను ఒక్క తాన యాడికెళ్లి తెస్తవు?" అన్నాడు.

"ఒక్క తాన ఎందుకు బావా? మూడు పెట్టు" అన్నది కనకవ్వ.

"ఒక్క కాయితానికి మూడు మీటింగులా! ఇదేమన్న అసెంబ్లీయా?"

"బొగ్గు మూడు షిఫ్టులు తీస్తరు గద బావా, మాట ఒక్క షిఫ్టుల ఎట్ల తీస్తరు?" అన్నది కనకవ్వ.

బావ గడ్డం గోక్కున్నాడు. ఇప్పటికీ గోక్కుంటున్నాడు, చూడండి. (నవ్వులు) కానీ బావా, నీకు ఇష్టం లేకపోయినా మూడు మీటింగులకూ నువ్వే డప్పు చాటింపు వేయించావు. అది నేను మరిచిపోలేదు.

మూడు మీటింగులూ ఈ హాల్లోనే. ప్రతి మీటింగులో ముందు తీర్మానం చదవాలి, చదివేది కనకవ్వే. మొదటి రోజు ముందు లైను వాళ్లు విసుక్కున్నారు. "టీచరమ్మ సదివితె జల్ది అయితది గద!" అన్నారు. టీచరమ్మ లేచి, "జల్ది చేసే ఇంత దూరం తెచ్చుకున్నం. వినుండ్రి" అని కూర్చున్నది. విన్నారు. డ్యూటీ దిగినవాళ్లు, ఎక్కబోయేవాళ్లు, బాయిలో పని చేయించే పెద్ద సర్దార్లు, మోటారు సైకిళ్ల తాళాలు తిప్పుకుంటూ వచ్చిన కుర్రవాళ్లు, అంతమంది ఒక్క ఆడమనిషి ఒక్క మాట కూడబలుక్కునే దాకా నోరు మూసుకొని కూర్చోవడం నేను అంతకు ముందు చూడలేదు. చర్చిలో కూడా చూడలేదు, పాస్టరుగారు ఏమనుకోవద్దు. చదివి అయిపోయాక ఆమె ఒకటే అనేది. "ఇది మేమన్న మాట కాదు. ఇప్పుడు అడుగుతున్నరు, ఇప్పుడు చెప్తున్నం. మేం పోము." తర్వాత ఎవరు ఏమన్నా నేను అన్నది అన్నట్టు రాశాను. తిట్లు కూడా రాశాను. పుస్తకం నిండా కొట్టివేతలే.

చేతులెత్తించి లెక్కపెట్టాం. మొదటి షిఫ్టులో తరలించాలన్నవాళ్లే ఎక్కువ. రెండో షిఫ్టులో వద్దన్నవాళ్లు ఎక్కువ. మూడోది మిగిలింది. ఆ రోజు నేను కింద కూర్చొని రాస్తున్నాను. కనకవ్వ నా ముందుకు వచ్చి నిలబడ్డది.

"తీతన్నా, అందరి మాటలు రాసినవు. నీది ఏది?"

సంఘానికి రైటర్నయి అప్పటికి పదకొండేళ్లు. ఏ తీర్మానంలోనూ నా మాట అంటూ లేదు. రాసేవాడికి మాటెందుకు అనుకునేవాణ్ణి. లేచాను. "వెనక లైను ఉండాలె. నేను అడగకుంట రాసిన. తప్పు రాసిన" అన్నాను. కూర్చున్నాను. అంతే. మూడు ముక్కలు.

నా వల్లే చేతులు లేచాయని నేను చెప్పను. ఆమె మూడు రోజులు చదివినందుకు లేచాయి. ఎట్లాగైతేనేం, తీర్మానం వీగిపోయింది. మూడు పూటల లెక్కా కలిపితే పదిహేడు చేతులు తేడా. ఆ ముప్పై రెండు ఇళ్లు ఒర్రె ఇవతలే ఉన్నాయి. ఇప్పుడు గుడిసె ఒక్కటి లేదు, కొన్ని రేకులవి, కొన్ని స్లాబులవి. పండుగ టెంటు ఆ లైను ముందే వేసుకుంటున్నాం, జాగా సరిపోతూనే ఉంది.

మరునాడు పుస్తకం తీసుకుపోయి టీచరమ్మ చేతిలో పెట్టాను. ఇంక నేను రాయనమ్మా అన్నాను. ఆమె తీసుకోలేదు. "తప్పు ఎట్ల జరుగుతదో మీకే తెలుసు. మీరే రాయాలె" అన్నది. ఇంకో తొమ్మిదేళ్లు రాశాను. మరునాటి నుంచే ఆ బడిలో కూర్చున్నాను కూడా. అక్షరాలు నేర్చుకోవడానికి కాదు, వినడానికి.

పెద్దలు సభల్లో ప్రజాస్వామ్యం, సామాజిక న్యాయం అంటుంటారు. నేను పెద్ద మాటలు వాడితే నాలుక తిరగదు. నేను చూసింది చెప్పాను. ఒక టీచరమ్మ గదిలో దీపం పెట్టి కూర్చున్నది, ఒక వేళ కాదు, మూడు వేళలు. ఎవరి తరఫునా తాను మాట్లాడలేదు. వాళ్లు మాట్లాడేదాకా ఉన్నది. అంత ఓపిక మనిషికి ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఇప్పటికీ అంతు చిక్కదు. ఆమెను చూసినప్పుడల్లా, ఇంత చిన్న మనిషిలో ఇంత ఎట్లా పట్టిందా అని నిలబడిపోతాను. ఇక్కడ ఇన్ని దండలు వేశాం గానీ, ఆమెకు ఇవి బరువేమో తీసేయండి సారూ.

ఒక్క మాట మిగిలింది. ఇది టీచరమ్మకు కాదు. కనకవ్వా, నీ గడప మీద నిలబడి ఆ రోజు నేను నీ వేలు పట్టుకొని సిరా అద్దాను. కాగితంలో ఏముందో చదివి వినిపించలేదు. తప్పైందని నీకు నీ వాకిట్లో ఎప్పుడో చెప్పాను. కానీ ఇల్లిల్లూ తిరిగి అందరి వేళ్లూ తీసుకున్నవాణ్ణి, నీ ఒక్క వాకిట్లో చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఇదిగో, మూడు షిఫ్టులవాళ్లూ ఉన్నారు. అందరి ముందు చెబుతున్నాను. నన్ను క్షమించు.

(ముందు వరుసలోంచి కనకవ్వ: "ఇన్నం తీతన్నా. అందరం ఇన్నం. ఇగ కూసో, కాళ్లు నొస్తయి.")

కూర్చుంటానమ్మా. టీచరమ్మగారికి దండం. ఓపికగా విన్న మీ అందరికీ నా కృతజ్ఞతలు. సెలవిప్పించండి.