మా షాపులో కార్లకు జరిగిన మర్యాద

ఇందులో ఒక్క ముక్క అబద్ధముంటే ఈ టీ నా గొంతులోనే విరిగిపోవాలి. బాబ్జీ, యీషున్‌కి నువ్వు కొత్త, అందుకని మొదట్నించీ చెబుతాను. అదిగో, ఈ టీ కొట్టుకి ఎదురుగా నీలం షట్టరు, ఆ కార్ల షాపు మాది. పైన బోర్డు మీద 'మంచి సర్వీస్' అని రంగుతో రాసింది మా అబ్బాయి భరత్, స్కూల్లో ఉన్నప్పుడు. లోపల స్టూలు మీద ఖాళీగా కూర్చున్నాయన మా ఆయన కొండయ్య. ఈ నెల కూడా బళ్లు రాకపోతే షాపు ఓనరుకి తిరిగి అప్పగించేస్తానని పొద్దున్నే అన్నాడు. ఇక నీ పక్కనున్న ఈ సీతారాములు ఒకప్పుడు మా కస్టమరే. ఇప్పుడు కారు ఆ మలుపులో దాచి, నడిచొచ్చి టీ తాగుతున్నాడు.

"దాచలేదు ఆంటీ, ఇక్కడ పార్కింగ్ దొరకలేదు."

మా షాపు ముందంతా ఖాళీయే కదయ్యా. సరే, విను బాబ్జీ. మా దగ్గర కారు ఆగగానే మనిషికి కుర్చీ, ఫ్యాను, చల్లటి బార్లీ నీళ్లు. పని అయ్యాక ఈయన పాత పార్టు చేతిలో పెట్టి, ఎందుకు మార్చాడో చూపించేవాడు. మర్నాడు ఫోన్ చేసి, ఎలా ఉంది, రాత్రి సరిగ్గా పడుకుందా అని అడిగేవాడు.

"ఎవరు పెద్దమ్మా, బండా?"

మనుషుల్ని అడగడానికి డాక్టర్లున్నారుగా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చోవా చూ కాంగ్‌లో తారాదేవి అని ఒక టీచరమ్మ. ఎక్స్‌ప్రెస్‌వే మీద టైరు పంక్చరై ఫోన్ చేస్తే, ఆవిడ హలో అనేలోపు ఈయన జాకీ పట్టుకుని పక్కన నిలబడ్డాడు. రెండోసారైతే ముందే వెళ్లి రోడ్డు పక్కన కాచుకున్నాడు. ఆవిడ వచ్చింది, ఈయన్ని చూసింది, అప్పుడయ్యింది పంక్చరు.

"ఎక్కడవుతుందో ఆయనకెలా తెలిసింది పెద్దమ్మా?"

అదేనయ్యా సర్వీసంటే. దాంతో కార్లకు మా మర్యాద రుచి తగిలింది. పాయా లేబర్‌లో యజమాని ఆఫీసు మీటింగులో ఉంటే, కింద పార్కింగ్‌లోంచి కారు దానంతటదే బయల్దేరి వచ్చేసేది. రెడ్ లైటు దగ్గర ఆగేది కూడా, బుద్ధిమంతురాలు. ఇక్కడ క్యూ పెద్దదిగా ఉంటే, హాకర్ సెంటర్లో తిండి కొనేముందు మనం టేబుల్ చోప్ చేసి ఆపుకున్నట్టు, షాపు ముందు టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు ఆపుకుని ఓ చుట్టు తిరిగొచ్చేది. ఆ రోజుల్లో నేను టిష్యూలు కొననే లేదు.

నవ్వకు బాబ్జీ, టీ ఒలుకుతుంది. నువ్వు పనిచేసే షిప్‌యార్డ్ నుంచే ఓ షిప్పు వచ్చింది, హారన్ బొంగురుపోయిందని.

"మా యార్డ్ నుంచా? నేను చూళ్లేదే."

నువ్వు ఓవర్‌టైమ్‌లో ఉన్నావు. రోడ్డు మీదే వచ్చింది పాపం, బస్సులకు దారిస్తూ. నేను మిరియాల చారు కాచాను, ఈయన దాని గొంతులో పోశాడు. వెళ్తూ వెళ్తూ అది కొట్టిన హారన్‌కి యీషున్‌లో కిటికీల బయట ఆరేసిన బట్టలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి.

ఇంత చేశాం. ఇప్పుడు? ఆదివారం వస్తే చాలు, అందరూ వంతెన దాటి పక్క దేశంలో జొహోర్‌కి. అక్కడ తిండీ చవకే, రిపేరూ చవకే. బోర్డర్ క్యూలో సగం రోజు ఉడికిపోతారు గానీ ఈ రోడ్డు దాటి మా షాపుకి రాలేరు. నేను పుట్టింది ఆ పక్కనే, నాకు తెలీదా? అక్కడ ఎవరైనా కుర్చీ వేస్తారా, బండి పడుకుందా అని అడుగుతారా? సీతారాములూ, నీ కారు లోపలికి తీసుకురా నాయనా. ఏమీ లేకపోతే గాలి అయినా చూస్తాడు. పొద్దున్నించీ తుడిచిన స్పానరే తుడుస్తున్నాడు ఆయన.

"ఆంటీ, సర్వీసు పోయిన ఆదివారం జొహోర్‌లో చేయించేశాను."

తెలుసులే. ఆ మలుపులో నడుస్తున్నప్పుడే నీ నడక చెప్పింది.

"అక్కడ క్యూలో నా ముందు బండి మీ భరత్‌ది."



గ్లాసు కింద పెట్టేశావేం బాబ్జీ, తాగు, చల్లారిపోతుంది.

నువ్వు కాస్త మెల్లగా మాట్లాడు సీతారాములూ. ఆయన ఇటే చూస్తున్నాడు. ఏం లేదండీ, ఊరికే కబుర్లు చెప్పుకుంటున్నాం, మీరు కూర్చోండి.

వచ్చే ఆదివారం కూడా వెళ్తావుగా, వచ్చేటప్పుడు ఓ తాళం పట్టుకురా. షట్టరుకి సరిపోయేది, పెద్దది చూసి తీసుకో. అక్కడ చవకటగా.